మా పెరటి గుంట

బరంపురం పాతవీథులలో ఇళ్లు ఎలా ఉంటాయో అక్కడ పుట్టి పెరిగినవారికి చెప్పనక్కరలేదు. బెంగుళూరులోనో ముంబయిలోనో ఉండి ఈ పత్రిక చదివేవారి కోసం చెబుతున్నాము. వీథివైపు వెడల్పు ఇరవై అడుగులు మించదు. లోపలికి మాత్రం నూటపాతిక అడుగులు సాగుతుంది. రైలుపెట్టెలలాగ గదివెనుక గది, చివరకు వంటిల్లు, దొడ్డిగుమ్మం. గుమ్మం దాటితే నుయ్యి, నూతివెనుక పెరడు. ఇంటికీ ఇంటికీ నడుమ ఉన్నది ఒక్క గోడే. పక్కింటివారు పోపు వేస్తే మనకు తుమ్ము వస్తుంది.

మా ముత్తాతగారు ఈ ఇల్లు కట్టించేనాటికి బరంపురం మద్రాసు రాజధానిలోని ఊరు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రం కాగానే, ఇల్లు అంగుళమైనా కదలకుండా మేము రాష్ట్రం మారాము. మా ఉత్తరపు పక్క ఇంటివారు ఒడియావారు. వారికి తెలుగు వచ్చు, మాకు ఒడియా వచ్చు. ఆ ఇంటావిడను మేమందరమూ మావుసీ అనే పిలుస్తాము. ఆవిడ మా అమ్మను ‘అపా’ అంటుంది. ఒడియాలో అపా, మన ఉత్తరాంధ్రలో అప్ప, రెండూ అక్కే. పండుగనాడు వారింటి పిఠా మాకూ, మా ఇంటి బూరెలు వారికీ గోడగుండా ప్రయాణం చేసేవి. నూతిపక్కన ఆ గోడలో రెండిటుకలు తీసి చేసిన గూడు ఒకటున్నది. గిన్నె అందులో పెట్టి ఒక కేక వేస్తే చాలు.

నీళ్ల కథ చెప్పబోతూ ఈ గోడకథ ఏమిటని అడుగుతారేమో. మా విషయంలో ఆ రెండూ ఒకటే అయినవి.

మా చిన్నతనంలో పెరటి నైరుతి మూల పల్లంగా ఉండేది. ఆ మూలన పెద్ద మొగలిపొద. దాని చుట్టూ చేమదుంపలు, కాస్త ఇవతల అరటి, జామ, మునగ. వానాకాలంలో పెంకులమీది నీళ్లన్నీ ఆ మూలకే పోయేవి. ఒక పూటో ఒక రోజో చెరువులాగ నిలిచేవి. పిల్లలము కాగితం పడవలు వదిలేవాళ్లము. మర్నాడు చూస్తే పడవలు బురదమీద కూర్చుని ఉండేవి. నీళ్లు ఉండేవి కావు. అవి ఎటు పోయినవని ఇంట్లో ఎవరూ అడగలేదు. పనిచేసే మనిషిని గురించి మనమెప్పుడు అడుగుతాము? మానేసిన రోజున గదా!

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినది. మా ఊరికి అది పట్టుమని పదిమైళ్లు లేదు. గంటకు 200 కిలోమీటర్లకు తగ్గని గాలి. ఆ రాత్రి సంగతి వేరే రాయాలి. తెల్లవారి దొడ్డిగుమ్మం తెరిస్తే పెరడు అన్నది లేదు. మునగ విరిగినది, జామ వేళ్లతో సహా లేచినది, కొబ్బరి చెట్టు సరిగ్గా మొగలిపొదమీద పడి దానిని నుగ్గు చేసినది.

చెత్త ఎత్తించడానికి వారం పట్టినది. అప్పుడే మాకొక బుద్ధి పుట్టినది. ఎలాగూ ఖాళీ అయినది గదా, ఈ బురద, ఈ పాములభయం, ఈ ఆకులు ఊడ్చడం ఇక ఎందుకు? పెరడంతా చక్కగా సిమెంటు చేయిస్తే అమ్మ చెప్పులు లేకుండా నడుస్తుంది, వడియాలు పెట్టుకొంటుంది. పని ఒప్పుకొన్న మేస్త్రి ఇంకొక మాట కూడా అన్నాడు. “నైరుతి పల్లం ఇంటికి అరిష్టం బాబూ, ఇన్నాళ్లు ఎలా ఉంచారు?” అని. వాస్తు తెలిసిన బంధువొకరు తల ఊపారు. ఆ పల్లంలోనే నాలుగు తరాలు కాపురం చేసి, పెళ్లిళ్లు చేసి, ముసలితనానికి పోయారన్న మాట ఆ క్షణాన మాకు తోచలేదు. మొగలిదుబ్బు మొదలంటా తవ్వించి, ఆ మూలను జానెడు ఎత్తు లేపి, 2014 వేసవిలో పెరడంతా సిమెంటు పరిపించాము. అద్దంలాగ ఉన్నదని చూసినవారందరూ మెచ్చుకొన్నారు. మేము మరీ మెచ్చుకొన్నాము.

నైరుతి లేస్తే నీళ్లు ఆగిపోవుగదా. అవి ఉత్తరానికి తిరిగినవి. ఉత్తరాన ఉన్నది మావుసీ గోడ.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. బడిపిల్లవాడు చేయగల లెక్క. అయినా ఇల్లు కట్టేవారిలో చేసేవారు తక్కువ. మా కప్పులో వెనుక సగం, అంటే సుమారు 46 చదరపు మీటర్లు, పెరట్లోకి వాలి ఉన్నది. ఒక రోజున 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కప్పునుంచే 4,600 లీటర్లు దిగుతాయి. పెరటి మీద పడేది దీనికి అదనం. మట్టి ఉన్నప్పుడు ఇందులో చాలావరకు నేల తాగేది, చెట్టు తాగేది, మిగిలినది నెమ్మదిగా ఇంకేది. సిమెంటు చుక్క తాగదు. పైగా నీటికి పరుగు నేర్పుతుంది.

మొదటి నాలుగేళ్లు గోడమొదట పాచి పట్టడం, అటువైపు చెమ్మ ఎక్కడం మాత్రమే కనబడినది. మావుసీ ఒకటి రెండుసార్లు అన్నది కూడాను. “చూద్దాం మావుసీ” అన్నాము. చూద్దామన్న మాట ఎంత సుళువైనదో!

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినది. గాలి సంగతి అలా ఉంచి, ఆ తుపాను మా జిల్లాను వానతో కొట్టినది. మధ్యాహ్నం వేళ పక్కింట్లోనుంచి దబ్బున పెద్ద చప్పుడు, వెంటనే ఆవు అరుపు. మా నీళ్లు గోడ పునాదికింద దారి చేసుకొని అటు ప్రవేశించినవి. గోడకు ఆనించి కట్టిన మావుసీ పశువులశాల మట్టిగోడ నాని కూలినది. ఆవు బతికినది. దూడకు ముందుకాలు విరిగినది.

ఆ మట్టిగోడ మావుసా, అంటే ఆవిడ భర్త, స్వయంగా బురద తొక్కి పెట్టినది. ఆయన అంతకు ముందు సంవత్సరమే పోయారు.

మావుసీ కేకలు వేసి ఉంటే మాకు సుఖంగా ఉండేది. ఆవిడ ఒక్క మాట అనలేదు. గోడ కట్టించుకోమని డబ్బు పట్టుకొని వెళితే, పీట వేసి, మంచినీళ్లు ఇచ్చి, డబ్బు మాత్రం మా చేతిలోనే పెట్టి పంపినది. మర్నాడు గోడగూటిలో అటువైపునుంచి ఒక ఇటుక అమర్చి ఉన్నది. ఆ కార్తికంలో పిఠా రాలేదు. మేము పంపిన పులిహోర గిన్నె ఇటుకముందే ఉండి, సాయంకాలానికి చీమలు పట్టినది. అమ్మ దాన్ని తీసి పారబోసి, మాతో కూడా రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

అప్పుడు మొదలైనవి మా ప్రయత్నాలు. మొదట, పెరటినుంచి నడవకింద గొట్టం వేసి వీథికాలువలోకి వదిలాము. మా తాతగారి కాలంలో వీథి మా అరుగుకు మూడు మెట్లు కిందుగా ఉండేది. ఏటేటా దాని మీద పొర పరచి పరచి ఇప్పుడు ఒక్క మెట్టు మిగిలినది. మామూలు వానకు గొట్టం పనిచేసినది. పెద్దవాన రాగానే వీథికాలువ నిండి, ఊరి మురికి మా గొట్టంలోనుంచే వెనక్కు నడచి పెరట్లోకి వచ్చినది. ఖర్చు పెట్టి ఊరి నీళ్లను ఇంట్లోకి పిలిచిన వారము మేమే కాబోలు. గొట్టం మూయించాము.

తరువాత ఇంకుడుగుంత. సిమెంటు కొంత పగలగొట్టి, నాలుగడుగులు తవ్వి, ఇటుకముక్కలు, ఇసుక నింపించాము. మొదటి ఏడు భేషుగ్గా ఉన్నది. రెండో ఏటికి కప్పుమీది మట్టీ ఆకులూ దిగి దాని నోరు మూసుకుపోయినది. శుభ్రం చేయాలంటే అంతా పైకి ఎత్తాలి. ఎత్తలేదు. ఇంకుడుగుంతలు పనికిరావని దీని అర్థం కాదు. ముందర మట్టి ఆగే చిన్న తొట్టి ఒకటి కట్టించి, ఏటా తీసి కడిగే ఓపిక ఉండాలి. మాకు తొట్టీ లేదు, ఓపికా లేదు.

మా వీథి చివర ఒక పెద్దాయన ఉన్నారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. ఒకనాడు ఊరికే వచ్చి, నూతిపళ్లెం మీద కూర్చుని, ఈ గోడు అంతా విని, ఒక్కటే అడిగారు: “ఇదివరకు ఈ మూల ఏముండేది?”

“మొగలిపొద.”

“మరి దాని పని ఎవరికి అప్పగించారు?”

మాకు జవాబు తోచలేదు. ఆయనే చెప్పారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో 1990 ప్రాంతంలో ఇళ్ల వెనుక పల్లపు గుంటలు తీసి, ఆ ప్రాంతపు మొక్కలే నాటి, కప్పునీళ్లను అక్కడే ఇంకించే పద్ధతి పెట్టారట. దానికి వానతోట అని పేరు. అది అక్కడినుంచి చాలా దేశాలకు పాకినది. “మీ ముత్తాతగారికి పేరు తెలియదు, అంతే తేడా” అన్నారు. ఆయన చెప్పిన కిటుకు ఇది: మన వైపు నేల నాలుగు నెలలు నానుతుంది, నాలుగు నెలలు మాడుతుంది. ఎప్పుడూ తడి కోరే మొక్క వేసవిలో చస్తుంది; ఎప్పుడూ పొడి కోరే మొక్క వానలో కుళ్లుతుంది. రెండూ ఓర్చే మొక్కలు ఈ ఊరి చెరువుగట్ల మీద, పొలం గట్ల మీద ఎవరూ నాటకుండానే ఉన్నాయి. అంగట్లో కొనవద్దు, గట్లమీద చూడండి, అన్నారు. మేము మెట్టతామర బాగుంటుంది గదా అంటే, అది అమెరికానుంచి వచ్చినది, అందంగా ఉంటుంది, వీథివైపు కుండీలో పెట్టుకోండి అన్నారు. గుర్రపుడెక్క మాట ఎత్తితే మాత్రం కర్ర పుచ్చుకొని లేవబోయారు.

నేల తాగుతుందో లేదో ముందు చూడాలి. సిమెంటు ఒక పలక లేపి మూరెడు లోతు గొయ్యి తీసి, రెండుసార్లు నీళ్లు నింపి నాననిచ్చి, మూడోసారి నింపి పుల్ల గుచ్చి గడియారం చూశాము. గంటకు అంగుళం కొంచెం తక్కువగా దిగినది. పైన జానెడు నల్లమన్ను, కింద మొరం. చాలునన్నారు. గుంట ఇంటిగోడకు పదడుగుల దూరం ఉండాలి, నూతికి ఇంకా దూరం ఉండాలి. కప్పునీరు తిన్నగా నూతిలోకి పోకుండా మట్టిలో వడగట్టుకొని పోవాలి. లోతు ఒక్క అడుగే. లోతైన గొయ్యి తీయాలని అందరికీ ఉబలాటం. కాని లోతైతే నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే దోమ. దోమ గుడ్డు పెట్టి పిల్ల ఎగరడానికి వారమో పది రోజులో పడుతుంది. రెండు రోజులలో నీరు ఇంకితే దోమకు ఆ గడువు దొరకదు.

పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, అడుగు లోతు. గట్టువాలు తీసివేస్తే సుమారు 2,000 లీటర్లు పట్టే గుంట. అంటే ఒక్క తడవలో 43 మిల్లీమీటర్ల వాన కురిసినా కప్పునీరంతా అందులో ఇముడుతుంది. కురుస్తూండగా ఇంకేది వేరు. తుపానుకు చాలదు. చాలుతుందని పెద్దాయన అననూ లేదు.

మూల మాత్రం నైరుతే. అమ్మ వాస్తు మాట ఎత్తుతుందని భయపడ్డాము. అమ్మ అన్నది: “మీరు పూడ్చకముందు అది బాగానే ఉండేది.”

ఈ గుంట అన్న మాటతో ఇంట్లో ఒక తమాషా కూడా జరిగినది. మన ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల గదా. విశాఖపట్నంనుంచి మేనత్త ఫోను చేసినప్పుడు అమ్మ, “మా గుంటకోసం ఇద్దరు కూలీలు, మూడు రోజుల పని” అన్నది. అటువైపు కొంతసేపు మాట లేదు.

2022 జూన్ నడుమ, ఋతుపవనాలు ఇంకా పూర్తిగా రాకమునుపే తవ్వుదామని కూలీలను పిలిచాము. సిమెంటు పగలగొట్టడం అయినది. పొద్దున్నే గునపం మొదటి పోటు పడినదో లేదో, గోడమీదుగా కేక వినవచ్చినది.

“అపా! ఓ అపా! రజొ వేళ భూమిని తవ్విస్తున్నావా?”

మూడేళ్ల ఎనిమిది నెలల తరువాత విన్న గొంతు. రజపండుగ ఒడియావారికి పెద్దపండుగ. ఆ మూడు రోజులు భూదేవికి విశ్రాంతి. నాగలి కట్టరు, మన్ను తవ్వరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. నాలుగోనాడు సన్నికల్లును భూదేవిగా భావించి పసుపునీళ్లతో స్నానం చేయిస్తారు. బరంపురంలో పుట్టి ఇంత వయసు వచ్చిన మేము ఆ మాట మరచి కూలీలను పిలిచామంటే, మా తొందర ఎలాంటిదో చూడండి.

అమ్మ నెమ్మదిగా గోడదాకా నడచి వెళ్లినది. “తప్పయినది చెల్లీ. ఆపిస్తాను” అన్నది. కాసేపు అటువైపు ఏమీ లేదు. తరువాత, “ఎందుకు తవ్వుతున్నారు?” అని వచ్చినది. అమ్మ చెప్పినది. “నీళ్లు నీవైపు రాకుండా” అన్నది. మేము దొడ్డిగుమ్మం దగ్గరే నిలబడిపోయాము. మళ్లీ కాసేపు ఊరుకొని, “నాలుగోనాడు తవ్వండి” అన్నది మావుసీ.

నాలుగోనాడు తవ్వాము.

ఒక తప్పు చేశాము. కూలీలు గుంటలోనే నిలబడి తవ్వి, అడుగును పాదాలతో గట్టిగా తొక్కేశారు. మొదటి వానకు నీరు మూడు రోజులు కదలలేదు. అమ్మ దోమతెర బయటకు తీసినది. మేము పెద్దాయన దగ్గరకు పరుగెత్తాము. ఆయన నవ్వి, నీరు ఆరాక అడుగుమన్ను గునపంతో వదులుచేసి ఇసుకా ఆకుఎరువూ కలపమన్నారు. గుంటలో కాలు పెట్టక, గట్టుమీద పలక వేసుకొని వంగి పనిచేయాలట. అప్పటినుంచి ముప్ఫై గంటలు దాటి నీరు నిలిచిన రోజు లేదు.

ఇక మొక్కల మాట. గట్టువాలున వట్టివేరు, ఒడియాలో బెణా అంటారు. దాని వేళ్లు పక్కలకు పాకవు. నిట్టనిలువుగా దిగుతాయి, అనువైన నేలలో మూడు మీటర్లదాకా. వాలు జారకుండా పట్టుకొనేది అదే, అడుగుమట్టిలో నీటికి సందులు చేసేదీ అదే. వేసవిలో ఎండి గడ్డిలాగ కనబడి, పనిమనిషి పీకబోయినది. జూన్‌లో లేచి నిలబడినది. వస నాటాము. వసపిట్టలాగ ఊరంతా వాగే మన పిల్లలకు ఆ కొమ్ము అరగదీసి నాకించేవారు వెనుక. ఇప్పటి వైద్యులు వద్దంటున్నారు, మేమూ మానుకొన్నాము. ఆకు వాసన బాగుంటుందని నాటినది, ఏప్రిల్ ఎండకు చచ్చినది. అది ఎప్పుడూ తడికోరే రకమని పెద్దాయన ముందే చెప్పారు, మేమే వినలేదు. తుంగను మేము నాటలేదు. అదే వచ్చినది, ఇంకా వస్తున్నది, పీకుతూనే ఉన్నాము.

అడుగున పొన్నగంటి, దాని పక్కన సరస్వతి ఆకు. పొన్నగంటిని ఇక్కడ మదరంగా శాగం అంటారు. వారానికోసారి కోస్తే పప్పులోకి సరిపోతుంది. ఒక మూల నాలుగు రేకుల ఆకుతో నేలమీద పరచుకొనే సునుసునియా శాగం. మన తెలుగువాళ్లం అంతగా ఎరుగము గాని, ఒడియావారికి మహా ప్రీతి. అది తింటే మంచి నిద్ర పడుతుందని వారి నమ్మకం. చెరువుగట్టునుంచి రెండు గుప్పెళ్లు తెచ్చి వేస్తే వానకాలానికి గుంట అడుగంతా పచ్చచాప అయినది. వేసవికి మాయమై, మళ్లీ వానకు లేచినది.

మొగలికోసం తిరిగాము. మా జిల్లా తీరపు ఊళ్లలో పొలంగట్ల నిండా మొగలే. పువ్వులు కోసి రాగిపాత్రలలో కాచి అత్తరు తీస్తారు. గంజాం మొగలిపువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అయితే ఎవరి గట్టుమీదనుంచి అడుగుతాము? అదీగాక మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆ వాసన మగపువ్వుదే. పిలక చూస్తే ఏదో మనకేం తెలుస్తుంది? పువ్వు పూసిన చెట్టునుంచి తీసిన పిలకే నమ్మకం.

ఆగస్టులో ఒక సాయంకాలం మావుసీ కొడుకు మా దొడ్డిగుమ్మం దగ్గరకు సైకిలుతో వచ్చాడు. వెనుక గోనెసంచిలో మూడు మొగలిపిలకలు, ముళ్లు బయటికి పొడుచుకొని ఉన్నాయి. “అమ్మ పంపినది. మా పొలంగట్టువి” అన్నాడు. సంచి దించి, చేయి గీరుకొన్నచోట ఉమ్మి రాసుకొంటూ, “మీ పొదవే. నాన్న మీ తాతగారిని అడిగి పట్టుకెళ్లి గట్టుమీద వేశాడట, నేను పుట్టకముందు” అన్నాడు.

రెండు పిలకలు బతికినవి. మొగలి శివపూజకు పనికిరాదు, ఇంట్లో ఎందుకని ఒక చుట్టం అడిగారు. పూజకు మందారం ఉన్నది. పాముల మాట అమ్మే ఎత్తినది, పొద మొదలు ఎప్పటికప్పుడు ఊడ్చి ఉంచాలని షరతు పెట్టి ఒప్పుకొన్నది. ఇంకా పువ్వు రాలేదు. ఊడలు మాత్రం దించుకొని గట్టును తన్ని నిలబడినది.

మావుసీ గోడవెంట మావైపున జానెడు ఎత్తున మట్టిగట్టు వేయించి, గుంట నిండితే నీరు దక్షిణపు అరటిపాదులోకి పొర్లేలాగ చిన్న గండి పెట్టాము. అదీ నిండితే మా పెరట్లోనే నిలుస్తుంది, నూతిపళ్లెందాకా వస్తుంది. ఒకసారి వచ్చినది కూడాను. అమ్మ వడియాల చాప తేలిపోయినది. అటు గోడ మొదలు మాత్రం పొడిగానే ఉన్నది. రాత్రి దీపం పట్టుకొని వెళ్లి చేత్తో తడిమి చూశాము.

సిమెంటు సగం ఇంకా ఉన్నది. దుస్తులు ఆరవేయడానికి, వడియాలకు కావాలి గదా. ఎక్కువ ఎండ కాసే రోజున ఆ సగం మీద కాలు పెట్టలేము, ఈ సగం మీద పెట్టగలము. నూతినీరు వేసవిలో కాస్త పైన ఉంటున్నదని మాకు అనిపిస్తున్నది. తాడుకు ముడి వేసి ఏటా మే నెలలో కొలుస్తున్నాము. నాలుగేళ్లయినా కానిదే ఏమీ చెప్పవద్దని పెద్దాయన ఆజ్ఞ.

మొదటి వానాకాలంలోనే కప్పలు వచ్చినవి. ఎక్కడినుంచి వచ్చినవో తెలియదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లవారుదాకా సంగీత సభే. ఒకనాడు పొద్దున్న నూతిదగ్గర ముఖం కడుగుతుంటే గోడగూటిలోనుంచి ఇటుక అటువైపుకు జరిగినది. ఆ సందులోనుంచి మావుసీ కన్ను, తరువాత గొంతు.

“అపా! మీ గుంట కప్పలు నన్ను నాలుగు రాత్రులనుంచి కన్ను మూయనివ్వడం లేదు!”

“ఏం చేయమంటావు చెల్లీ?” అన్నది అమ్మ.

“చేసేదేముంది? ఆ గుంటలో సునుసునియా శాగం ఉన్నదట గదా. గుప్పెడు కోసి ఇందులో పెట్టు. రాత్రి వండుకొని తిని పడుకొంటాను.”